మూడు నెలలకు వచ్చిన జవాబు

డిసెంబరు పంతొమ్మిదో తేదీ పొద్దున్న ఏడుంపావుకి తిహోమిర్ తన ఏడో మెయిల్ పంపాడు. ఏడూ పదహారుకి జవాబు వచ్చింది.

చేతిలోని కాఫీ సగం ఒళ్ళో ఒలికింది. మూడు నెలలుగా ఉలుకూ పలుకూ లేని మనిషి ఒక్క నిమిషంలో జవాబిస్తే ఎవరికైనా కాళ్ళూ చేతులూ ఆడవు. ముక్కు మీదున్న కళ్ళజోడు కోసం బల్లంతా వెతికి, ఇక లాభం లేదని భార్యను కేకేశాడు.

"మిలుంకా! రాసింది! ఆవిడ రాసింది!"

మిలుంకా తలకు తువ్వాలు చుట్టుకుని పరుగున వచ్చి, ఫోను లాక్కుని పైకి చదివింది. "'ఈరోజు మా ఇంట్లో ఇలవేల్పు పండుగ, స్లావా. అందువల్ల సెలవులో ఉన్నాను. మీ ఉత్తరం నాకు ముఖ్యం. ఒలివెరా.'"

"ఇంకా?"

"ఇంకేం లేదు. ఇది ఆవిడ రాసింది కాదయ్యా. సెలవు పెట్టేటప్పుడు మిషనుకి చెప్పి వెళ్తారు. ఎవరు రాసినా అదే వెళ్తుంది."

తిహోమిర్ కుర్చీలో కూలబడ్డాడు. ఒక్క నిమిషం పాటు ఉద్యోగం వచ్చిందనే అనుకున్నాడు పాపం.

ఆయనకు యాభై నాలుగేళ్ళు. వాల్యెవో ఊళ్ళో పాత మాంసం ఫ్యాక్టరీలో ఇరవయ్యేడేళ్ళు చల్లని గదుల మెకానిక్‌గా పనిచేశాడు. కంప్రెసర్ దగ్గుతోందో, తుమ్ముతోందో గోడ అవతల నుంచే చెప్పగలడు. వసంతంలో ఫ్యాక్టరీ మూతపడింది. సెప్టెంబరులో ఊరి చివర రాస్ప్‌బెర్రీ పళ్ళకోసం కొత్త కోల్డ్ స్టోరేజీ కట్టారు, మెకానిక్ కావాలన్నారు. మనుషుల్ని ఎంచే పని ఒక ఏజెన్సీకి ఇచ్చారు. ఆ ఏజెన్సీలో ఇంటర్వ్యూ చేసినావిడే ఈ ఒలివెరా. ఇరవై నిమిషాలన్నది గంటా పది నిమిషాలు మాట్లాడింది. ఆయన తన పాత డైరెక్టరు గురించి చెప్పిన జోకుకి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. గుమ్మం దాకా వచ్చి, "పది రోజుల్లో ఏ సంగతో చెబుతాం, మేస్త్రీగారూ," అంది.

ఆ పది రోజులు తొంభై దాటాయి. మెయిల్స్ రాశాడు. ఫోన్లు చేశాడు. రెండుసార్లు ఆఫీసుకు వెళ్తే ముందు కూర్చున్న అమ్మాయి, "మేమే చెబుతామండీ," అని పళ్ళు కనపడేలా నవ్వి పంపింది. ఆయన ఫోను పట్టుకుని మంగలి దగ్గరికి వెళ్ళాడు, చర్చికి వెళ్ళాడు, చెప్పకూడని చోటికి కూడా వెళ్ళాడు. లైను ఖాళీగా ఉండాలని భార్య ఫోను చేస్తే కట్ చేసేవాడు. మనిషికి కారణం తెలియకపోతే కారణాలు తానే తయారు చేసుకుంటాడు. వయసు వల్ల అనుకున్నాడు. ఎడమచేతికి సగం తెగిన వేలి వల్ల అనుకున్నాడు. చివరికి ఆ జోకు వల్లేనని ఖాయం చేసుకుని, జోకులు చెప్పడం మానేశాడు.

ఇంతే అయితే ఎలాగో సర్దుకునేవాడు. కానీ ఇంకో తిరకాసు ఉంది. వంద కిలోమీటర్ల అవతల అరిల్యేలో గ్వోజ్దెన్ అనే ఆసామికి సొంత కోల్డ్ స్టోరేజీ ఉంది. అతను రమ్మంటున్నాడు. వెళ్తే వారమంతా అక్కడే అద్దె గదిలో ఉండాలి, శనాదివారాలు ఇల్లు. ఊళ్ళో ఉద్యోగం వస్తే ఆ తిప్పలు ఉండవు. అందుకని తిహోమిర్ మోకాలి నొప్పి అని ఒకసారి, అది ఇంకా తగ్గలేదని ఇంకోసారి గడువు పెంచుకున్నాడు. నిన్న రాత్రి గ్వోజ్దెన్ ఫోనులో తేల్చేశాడు.

"మేస్త్రీ, నీ మోకాలి కోసం నా కంప్రెసర్ ఆగదు. రేపు మధ్యాహ్నం రెండు గంటలు. ఆ తర్వాత ఇంకొకణ్ణి పిలుచుకుంటా. ఔనో కాదో చెప్పెయ్."

ఔనంటే, ఎల్లుండి ఒలివెరా ఫోను చేస్తే గ్వోజ్దెన్‌కి ఇచ్చిన మాట తప్పాలి. తిహోమిర్ అబద్ధమాడగలడు గానీ మాట తప్పలేడు. ఆ రెంటికీ తేడా ఏమిటని మిలుంకా అడిగితే చెప్పలేకపోయాడు కూడా. కాదంటే, ఒలివెరా ఎప్పటికీ ఫోను చెయ్యకపోవచ్చు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మిలుంకా ఫోనులోని ఆ రెండు ముక్కలూ మళ్ళీ చదివింది. ఆవిడ పోస్టాఫీసులో కిటికీ దగ్గర పనిచేస్తుంది. పోస్టాఫీసు వాళ్ళు ఏ ఉత్తరాన్నీ ఒక్కసారి చదివి వదలరు, ఊళ్ళో ఏ చిరునామానీ మర్చిపోరు.

"స్లావాకి ఎవరైనా ఎవర్నైనా పిలుస్తారా?" అంది.

"పిలవరు. ఎవరొస్తే వాళ్ళే."

"ఇలవేల్పు పండుగ రోజు ఇంటికొచ్చినవాణ్ణి పొమ్మంటారా?"

"చచ్చినా అనరు."

"మరి 'ఈరోజు మా ఇంట్లో స్లావా' అని నీకు కబురొచ్చింది. ఇక కూర్చున్నావేం?"

"ఏంటే, పిలవని పేరంటానికి వెళ్ళమంటావా? మిషను రాసిందని నువ్వేగా అన్నావు!"

"మిషనుకి ఇలవేల్పు ఉంటాడా? మాట ఆవిడదే. కొలుబారా వంతెన దాటాక రెండో సందు, ఆకుపచ్చ గేటు. నేనైతే ఈపాటికి అక్కడ చేప తింటూ ఉండేదాన్ని."

తిహోమిర్ ఇంకా గొణుగుతుండగానే మిలుంకా కలరా ఉండల వాసన కొడుతున్న సూటు తీసి మంచం మీద పడేసింది. అటక మీంచి ఒక వైన్ సీసా, అరకిలో కాఫీ పొట్లం దింపింది. "ఉద్యోగం ఉందో లేదో కనుక్కురా, అంతే. ఉందని చెప్పించుకు రమ్మనడం లేదు," అని గుమ్మం దాకా తోసింది. ఆ వెలుతురులో ఆవిడ కళ్ళ కింద నల్లటి చారలు కనిపించాయి. మూడు నెలలుగా ఆవిడ కూడా నిద్రపోలేదన్న సంగతి తిహోమిర్‌కి అప్పుడే తట్టింది.

ఆ రోజు సెయింట్ నికోలా దినం. ఆయన్ని ఇలవేల్పుగా కొలిచే సగం ఊరు పండుగ చేసుకుంటుంది, మిగతా సగం తినడానికి వెళ్తుంది. తిహోమిర్ ఇంటి స్లావా మే నెలలో. కాబట్టి ఈ రోజున ఆయన ఎప్పుడూ తినే సగంలోనే ఉంటాడు. పదకొండు దాటాక ఆయన చేరేసరికి ఆ సందులో అయిదు గేట్లు తెరిచే ఉన్నాయి, అయిదింట్లోంచీ వేయించిన చేప వాసన వస్తోంది. ఆకుపచ్చ గేటు ముందు ఆయన మూడుసార్లు అటూ ఇటూ తిరిగాడు. నాలుగోసారి తిరుగుతుంటే తలుపు తెరుచుకుంది.

"ఓరి నాయనా, ఆ చలిలో చక్కర్లు కొడతావేం? లోపలికి రా!" అంది నల్ల గుడ్డ తలకు కట్టుకున్న ఒక ముసలావిడ. ఒలివెరా అత్తగారు, స్తమెంకా.

"అమ్మా, నేను..."

"నువ్వెవరైతే ఏం? ఇవాళ గడప దాటినవాడు దేవుడి చుట్టం. ముందు ప్రసాదం తీసుకో."

ఉడికించిన గోధుమల గిన్నె ముందుకొచ్చింది. తిహోమిర్ శిలువ గుర్తు వేసుకుని ఒక చెంచా నోట్లో వేసుకున్నాడు. మీ ఇలవేల్పు మిమ్మల్ని చల్లగా చూడాలి అన్నాడు. అంతే, ఇక ఆయన ఆ ఇంటి అతిథి. సీసా, కాఫీ ఎవరో అందుకున్నారు, కోటు ఇంకెవరో విప్పి పట్టుకెళ్ళారు, ఆయన తేరుకునేసరికి పొడుగాటి బల్ల దగ్గర పద్నాలుగు మంది మధ్య కూర్చుని ఉన్నాడు. చేతిలో ప్లమ్ సారా గ్లాసు కూడా ఉంది.

ఒలివెరా భర్త నెబోయ్‌షా, ఇంటి యజమాని స్లావా రోజు కూర్చోకూడదు కాబట్టి నిలబడే అందరికీ పోస్తున్నాడు. అగ్నిమాపక దళంలో పని. తిహోమిర్‌ని చూసి, ఆఫీసువాళ్ళెవరూ రారంటూనే ఎవర్నో రప్పించింది మా ఆవిడ అనుకుని మరీ నిండుగా పోశాడు. స్తమెంకా ఏమో ఈయన తన కొడుకు దళంలోని పెద్ద అధికారి అయివుంటాడని నిర్ణయించుకుని, కింద దిండు వేయించింది. పక్కన కూర్చున్న స్రెతెన్ బాబాయ్ అయితే ఇంకో అడుగు ముందుకేశాడు.

"మీరు ఒసెచినా ఊరి వియ్యంకులు కదూ? పెళ్ళిలో చూశాను. అప్పుడు జుట్టుండేది."

"ఆ రోజుల్లో అందరికీ ఉండేది బాబాయ్," అన్నాడు తిహోమిర్. బల్లంతా నవ్వింది. నువ్వెవరని అడగడం ఆ ఇంట్లో మర్యాద కాదు కాబట్టి ఎవరూ అడగలేదు.

అప్పుడు వంటింట్లోంచి చేపల పళ్ళెం పట్టుకుని ఒలివెరా వచ్చింది.

నలభై రెండేళ్ళ మనిషి, మోచేతుల దాకా పిండి. నవ్వుతూ వచ్చింది. ఒక్కొక్కరినీ పలకరిస్తూ వచ్చి, తిహోమిర్ ముఖం దగ్గర ఆగిపోయింది. పళ్ళెం వంగింది. ఒక చేప ముక్క జారి స్రెతెన్ బాబాయ్ ఒళ్ళో పడింది. ఆయన దాన్ని అక్కడే తినడం మొదలుపెట్టాడు.

"తినండి," అంది ఒలివెరా, పీలగా, ఎవర్నీ చూడకుండా. మరుక్షణం వంటింట్లో ఉంది.

ఆ తర్వాత ఆవిడ పరిస్థితి తేలు కుట్టిన దొంగలా అయింది. రాకుండా ఉండలేదు, వడ్డించాలి. వస్తే ఆయన ఉన్నాడు. నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ ఆయన పళ్ళెంలో పెద్ద ముక్కే వేసింది గానీ కళ్ళెత్తలేదు. తిహోమిర్‌కి ఇంకో అవస్థ. స్లావాకి పిలవకుండా రావచ్చు. కానీ ఆ బల్ల దగ్గర పని మాట ఎత్తకూడదు. ఉద్యోగం అడగడానికి వచ్చినవాడు దేవుడి చుట్టం ఎలా అవుతాడు? నోటి దాకా వచ్చిన ప్రశ్నని బీన్స్ కూరతో కలిపి మింగుతూ గోడ గడియారం వంక చూశాడు. పన్నెండున్నర.

"మీరేం చేస్తుంటారు?" అడిగింది ఎదురుగా కూర్చున్న ఒక బొద్దు మనిషి.

"కోల్డ్ స్టోరేజీ మెకానిక్‌నండీ."

వంటింట్లో ఏదో గిన్నె భళ్ళున పడింది.

"అబ్బో, మంచి పని. ఎక్కడ?"

"ఇంకా తెలియదండీ," అన్నాడు తిహోమిర్, నిజమే చెబుతూ. బొద్దు మనిషి అది కూడా జోకనుకుని నవ్వింది.

ఒంటిగంట దాటింది. ఎవరో పాట అందుకున్నారు. తిహోమిర్‌కి ఆ పాటలన్నీ వచ్చు, ఒక్కటీ గొంతులోంచి రాలేదు. ఇక్కడ కూర్చుని కడుపునిండా తిని, రెండు గంటలు దాటించి, ఏమీ తెలియకుండా ఇంటికి పోవడం ఖాయమనిపించింది. వెళ్ళి మిలుంకా ముఖం ఎలా చూడాలి? గడియారం ఒంటిగంటా ఇరవై చూపించింది. ఆయన లేచాడు. ముందున్న ఖాళీ పళ్ళేలు ఆరు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఎత్తుకుని వంటింటి వైపు నడిచాడు.

"అయ్యయ్యో! అతిథి పళ్ళేలు మోయడమా! ఒరే నెబోయ్‌షా, పరువు పోతోంది, ఆపరా!" అరిచింది స్తమెంకా.

"మా ఇంట్లో నేనే మోస్తానమ్మా, అలవాటు," అని తిహోమిర్ తోసుకుని లోపలికి వెళ్ళి, మడమతో తలుపు మూసి పళ్ళేలు దించాడు.

ఒలివెరా సింకుకి ఆనుకుని నిలబడి ఉంది. చేతిలో కడగడానికి ఏమీ లేకపోయినా కుళాయి తిప్పింది.

"మేస్త్రీగారూ, మీ ఫోన్లు చూశానండీ. మెయిల్స్ కూడా," అంది.

"ఏడు."

"ఏడు," అంది ఒలివెరా. "ఇవాళ పొద్దున్నది కూడా చూశాను. మంచం మీదుండగానే."

తిహోమిర్‌కి దారిలో కూడబలుక్కున్న మాటలు చాలా ఉన్నాయి. కొన్ని చాలా పదునైనవి. తీరా చూస్తే ఆవిడ ముక్కు మీద పిండి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ మాటలేవీ గుర్తు రాలేదు.

"అమ్మా, తగువుకి రాలేదు నేను. రెండు గంటలకి అరిల్యేలో ఒకాయనకి మాట చెప్పాలి. మీ ఉద్యోగం ఉందంటే ఆయనకి కాదంటాను. లేదంటే ఔనంటాను. నాకు తెలియక చచ్చిపోతున్నాను. అంతే."

"రెండు గంటలకా? ఇవాళా?" ఒలివెరా కుళాయి కట్టేసి ఆయన వైపు తిరిగింది. "కూర్చోండి. మొదట్నుంచీ చెబుతాను. మీరు రెండో మనిషండీ."

"అంటే?"

"ఇంటర్వ్యూలయ్యాక మొదటివాడు, రెండోవాడు అని రాసుకుంటాం. మొదటాయన చాచక్ ఊరి మనిషి. వస్తానన్నాడు, సంతకానికి ఇవాళ రేపు అన్నాడు. ఆయన సంతకం పెట్టేదాకా రెండోవాళ్ళకి లేదని చెప్పకూడదు. మొదటివాడు జారిపోతే చేతిలో ఎవరో ఒకరు ఉండాలిగా. ఉందనీ చెప్పకూడదు. లేదుగా మరి!"

"అంటే రాస్ప్‌బెర్రీల్లా మైనస్ పద్దెనిమిదిలో పెట్టి తలుపేశారన్నమాట."

"అంతే అనుకోండి."

"మేం పళ్ళ పెట్టె మీద కూడా తేదీ రాస్తామమ్మా. ఎప్పుడు తియ్యాలో తెలియాలని."

ఒలివెరా నవ్వబోయి ఆపుకుంది. "నవంబరులో ఆయన రానన్నాడు. ఆ రోజే మీ పేరు పైకి పంపాను. నిజంగా పంపాను. ఆ వారంలోనే కోల్డ్ స్టోరేజీ యజమానులు అక్కడి ఉద్యోగాలు ఆరూ ఆపేశారు. వచ్చే పంట చూసి ఆలోచిస్తారట. ఆ సంగతి బయటికి పొక్కకూడదన్నారు. రైతులు భయపడి పళ్ళు వేరేచోటికి తోలతారని."

"ఇంత కథ ఉందా! నేను నా వేలి వల్ల అనుకున్నా." ఎడమచేయి ఎత్తి చూపించాడు.

"ఏ వేలు?" ఒలివెరా వంగి చూసింది. "అయ్యో, నేను చూడనే లేదు."

"ఆ డైరెక్టరు జోకు..."

"అది తన దళం వాళ్ళందరికీ చెప్పాడు మా ఆయన. ఇంటికొచ్చి నేనే చెప్పాను."

తిహోమిర్ పక్కనే ఉన్న బంగాళదుంపల బస్తా మీద కూర్చుండిపోయాడు. మూడు నెలలు ఆ వేలిని జేబులో దాచుకుని తిరిగాడు. ఎంత వెర్రివాణ్ణి అనుకున్నాడు.

"కానీ అసలు సంగతి అది కూడా కాదండీ," అంది ఒలివెరా, తలుపు వైపు ఓసారి చూసి. "రూలుంటే ఏం, నా నోరు ఎవరూ కుట్టలేదు. నచ్చనివాళ్ళుంటారు చూడండి, వాళ్ళకి మిషను రాసిన ఉత్తరం అరనిమిషంలో పోతుంది. 'విచారిస్తున్నాం, మీకు మంచి జరగాలి' అని. మీకది పంపడానికి చేయి రాలేదు. ఈయనకి నేనే నాలుగు మంచి మాటలు రాయాలి అనుకున్నా. ఆ మంచి మాటలు ఆ రోజు దొరకలేదు. మర్నాడు రాద్దామనుకున్నా. వారమయ్యాక, ఇంత ఆలస్యానికి ముందు క్షమాపణ రాయాలి కదా అనిపించింది. నెలయ్యాక, ఏం ముఖం పెట్టుకుని రాయను అనిపించింది. మీ పేరు తెర మీద కనపడితే ఫోను తిరగేసి పెట్టేదాన్ని. మా ఆయన ఇంకెవరో ఉన్నారనుకుని రెండు రోజులు అలిగాడు కూడా."

"అంటే నేను పనికిమాలినవాణ్ణయితే సెప్టెంబరులోనే జవాబొచ్చేదన్నమాట!"

"సెప్టెంబరు ఇరవయ్యో తేదీకల్లా వచ్చేది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు నవ్వింది తిహోమిరే. కానీ గడియారం నవ్వడం లేదు. ఒంటిగంటా నలభై.

"ఇంతకీ, అమ్మా. ఉందా, లేదా?"

"ప్రస్తుతానికైతే..."

"ప్రస్తుతానికి వద్దు."

"వసంతంలో ఏమైనా..."

"వసంతమూ వద్దు. ఒక్క మాట."

ఒలివెరా నోరు తెరిచింది, మూసింది. పదకొండేళ్ళుగా ఆ పనిలో ఉంది. కొన్ని వేలమందికి ఆ మాట చేరవేసింది. ఒక్కసారి కూడా ఎదుట కూర్చున్న మనిషి ముఖంలోకి చూసి అనలేదు. పిండి చేతులు గౌనుకి తుడుచుకుంది. అవతల గదిలో పాట ఆగింది, మళ్ళీ మొదలైంది.

"లేదు," అంది. "ఆ ఉద్యోగం లేదండీ. మీరు బాగా చేసేవారు. కానీ లేదు."

తిహోమిర్ ఆ మాట గుండెల్లో గుచ్చుకుంటుందని ఎదురుచూశాడు. ఎన్నో రాత్రులు ఆ మాటనే ఊహించుకుని భయపడ్డాడు. గుచ్చుకోలేదు. గుండె మీది కుంపటి ఎవరో దించి పక్కన పెట్టినట్టయింది. ఊపిరి కడుపు దాకా వెళ్ళింది. మూడు నెలల్లో అంత లోతుకి వెళ్ళడం అదే మొదటిసారి. ఏడుపు రావలసిన చోట నవ్వొచ్చింది. అమ్మయ్య అనుకున్నాడు, పైకే అన్నాడు.

"అమ్మయ్య! చాలమ్మా. బతికించారు."

"నన్ను తిట్టరా?"

"రేపు తిడతాను. ఇవాళ స్లావా కదా."

అక్కడే, బంగాళదుంపల బస్తా మీద కూర్చునే ఫోను చేశాడు. మొదటిసారి మోగగానే గ్వోజ్దెన్ ఎత్తాడు. "మేస్త్రీ, ఇంకా పావుగంట ఉంది. మోకాలు ఎలా ఉంది?"

"మోకాలికేం కాలేదు గ్వోజ్దెన్. ఎప్పుడూ కాలేదు. ఇక్కడ ఇంకో ఉద్యోగం కోసం చూశాను. అది లేదని ఇప్పుడే తెలిసింది. వస్తున్నా. మాటిస్తున్నా."

ఒలివెరా రెండు చేతులతో గౌను అంచు నలిపేసింది.

"నాకు తెలుసులేవోయ్," అన్నాడు గ్వోజ్దెన్. "మోకాలు నొప్పన్నవాడు పోయిన నెల ఇక్కడికొచ్చినప్పుడు నిచ్చెనెక్కి నా కంప్రెసర్ చూశాడు. సోమవారం ఆరింటికల్లా ఉండు. గదికి పొయ్యి వేయించాను, కట్టెలు నువ్వే కొట్టుకోవాలి."

తర్వాత మిలుంకాకి చేశాడు. మధ్యాహ్నం ఆ వేళకి పోస్టాఫీసులో వరస ఉంటుంది, అయినా ఎత్తింది. లేదంట, అరిల్యే వెళ్తున్నా అన్నాడు. మిలుంకా, "సరే. శుక్రవారం రాత్రికి నాకు ఇంట్లో కనపడాలి," అని గట్టిగా ముక్కు చీదింది. అది ఏడుపో, జలుబో వరసలో నిలబడ్డవాళ్ళకి మాత్రమే తెలియాలి. ఆ వెంటనే, "ఈ రాత్రి నిద్రపోదాం తిహో," అంది.

తిహోమిర్ లేచి కోటు కోసం వెతికాడు. కోటు ఇక్కడ లేదని గుర్తొచ్చింది. వెళ్ళబోతూ ఆగి అడిగాడు.

"నాలాంటి రెండోవాళ్ళు ఇంకా ఉన్నారా?"

"ఆరు ఉద్యోగాలు కదండీ. మీరు కాక అయిదుగురు."

"వాళ్ళకి చెప్పారా?"

ఒలివెరా మళ్ళీ సింకు వైపు తిరిగింది. తిహోమిర్ సాధు మనిషి. కానీ కదలకుండా నిలబడ్డాడు. ఆవిడ చేతులు కడుక్కుంది. ఈసారి నిజంగా కడిగింది. అలమార మీంచి ఫోను తీసింది.

"ఇవాళ సెలవులో ఉన్నాను. సెలవులో ఉన్నప్పుడు ఆఫీసు రూలు నాకెందుకు?" అంది తనకి తానే నచ్చజెప్పుకుంటున్నట్టు. "ఎవరైనా అడిగితే పండుగ పూట రెండు గ్లాసులు ఎక్కువయ్యాయని చెబుతా."

"చూసినవాణ్ణి నేనున్నాను. మూడు అని చెబుతాను."

చేతులు తడిగా ఉన్నాయని ఫోనుని పిండి పీట మీద పెట్టి, స్పీకరు పెట్టి, నంబరు నొక్కింది. లైకొవాత్స్‌లో ఉండే విదోయే అనే ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు. ఆయనా సెప్టెంబరు నుంచి చూస్తున్నాడు. ఒక్క గంట కూడా పూర్తిగా మోగలేదు.

"హలో! హలో మేడమ్! మీ నంబరు నా దగ్గరుంది మేడమ్!"

"విదోయేగారూ, ఒలివెరాని. చాలా ఆలస్యం చేశాను, క్షమించండి. ఆ ఉద్యోగం..." తిహోమిర్ వంక చూసింది. ఆయన తలూపాడు. "ఆ ఉద్యోగం లేదండీ."

"లేదా?"

"లేదు."

"ఖాయంగా లేదా మేడమ్? చూద్దాం, చెబుతాం, అలా కాదుగా? నిజంగా లేదు కదా?"

"నిజంగా లేదు విదోయేగారూ. తప్పంతా నాదే. మీది ఏమీ లేదు."

అవతల ఫోను దేనికో కొట్టుకున్న చప్పుడైంది. తర్వాత ఆ మనిషి ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "రుజా! ఒసే రుజా! లేదట! ఉద్యోగం లేదట! మీ అన్నకి ఫోన్ చెయ్యి, ట్రక్కు పనికి రేపే వస్తున్నానని చెప్పు! లేదట!" ఒక ఆడమనిషి గట్టిగా కేక వేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎవరో ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. ఎవరు ఏది చేస్తున్నారో తెలియడం లేదు.

ఆ గోలకి వంటింటి తలుపు తెరుచుకుని స్తమెంకా తొంగి చూసింది.

"ఎవరికే, అంత సంబరం? ఉద్యోగం వచ్చిందా?"

"రాలేదత్తయ్యా," అంది ఒలివెరా, కళ్ళు తుడుచుకుంటూ. "రాలేదని తెలిసింది."